మనిషి లేకుండా వచ్చిన బల్ల

వేట నిషేధం ముగిసి పడవలు నీళ్ళలోకి దిగి పట్టుమని వారం కాలేదు, గుల్లపాలెం మళ్ళీ వలలు చుట్టి పక్కన పెట్టింది. ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు పోలేరయ్య కొడుకు శివశంకర్ సముద్రం మీద నుంచి తిరిగి రాలేదు.

అతను పడవ మీద పోలేదు. నెల్లూరు నుంచి వచ్చి ఆ తీరంలో ఫాయిల్ బోర్డులు అద్దెకిచ్చే సాహిరా, ఆమె తమ్ముడు అర్మాన్‌ల దగ్గర పనిచేసేవాడు. వచ్చినవాళ్ళకు వాటి మీద నిలబడడం నేర్పేవాడు. పాలెం వాళ్ళు దాన్ని ఎగిరే బల్ల అంటారు. బల్ల అడుగున నిలువుగా ఒక కాడ, కాడ చివర రెండు రెక్కలు, ఒక చిన్న మోటారు. చేతిలో రిమోట్ నొక్కితే కాస్త దూరం నీళ్ళు కోసుకుంటూ పోయి, వేగం అందుకున్నాక బల్ల నీటిని వదిలి మూరెడు పైకి లేస్తుంది. ఆ పైన చప్పుడు ఉండదు. మనిషి గాలిలో నిలబడి జారిపోతున్నట్టు ఉంటుంది.

చప్పుడు లేకపోవడమే శివశంకర్‌ను ఆపదలోకి తీసుకుపోయింది. ఒక వేకువన అతను లంగరు వేసిన ఒక బార్జ్ వెనక్కి, ఎవరూ గమనించకుండా చేరాడు. ఓడల ట్యాంకులు కడిగే కాంట్రాక్టు కంపెనీది అది. ఒడ్డుకు చేర్చవలసిన నల్లటి నూనెను వాళ్ళు పైపు పెట్టి సముద్రంలోకి వదులుతున్నారు. అతను దాన్ని ఫోన్‌లో వీడియో తీశాడు. అధికారులకు ఇవ్వమని సాహిరా చెప్పింది. ఇచ్చేలోపే ఎవరెవరో అతని పేరు అడుగుతూ పాలెంలో తిరిగారు. తర్వాత ఒక సాయంత్రం శివశంకర్ లేడు. చివరగా చూసినవాడు అర్మాన్ ఒక్కడే. శివన్న అలలు దాటాక బల్ల మీద పైకి లేచి తూర్పుగా పోయాడనీ, చీకట్లో కలిసిపోయేదాకా తాను చూస్తూ నిలబడ్డాననీ పోలీసులకు చెప్పాడు, పాలెం వాళ్ళకూ చెప్పాడు. పోలీసులు పడవేసుకుని వెతికారు. ఏమీ దొరకలేదు.

నిన్న బల్ల ఒక్కటే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఈ పొద్దున వీధిలోకి వచ్చిన, పక్క పాలెం నుంచి చేపలమ్మే ఆమె నోట ఆ మాట వినగానే సాహిరా స్కూటీ తీసింది.

దారి పొడవునా ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. బ్యాటరీ.

ఉప్పునీళ్ళు తగిలిన బ్యాటరీ ఎలాంటిదో సాహిరాకు తెలుసు. నెల్లూరులో వాళ్ళ నాన్న అఫ్జల్‌ది బ్యాటరీల కొట్టు. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినా ఆమె నేర్చుకున్నదంతా ఆ కొట్లోనే. వరద నీళ్ళలో మునిగిన ఎలక్ట్రిక్ స్కూటర్ ఒకటి మరమ్మతుకు వచ్చి, రెండు రోజులు మూలన బుద్ధిగా నిలబడి, మూడో రోజు మిట్టమధ్యాహ్నం దానంతటదే అంటుకుంది. నీళ్ళు పోస్తే ఇంకా రేగింది. బల్లలో ఉన్నది దానికన్నా పెద్దది. గుల్లపాలెంలో సగం ఇళ్ళకు ఇంకా తాటాకు కప్పే. పైగా ఈదురుగాలి.

ఆమె వెళ్ళేసరికి బల్ల ఒడ్డు మీద, ఇళ్ళకు పది బారల దూరంలో, కొత్తగా వేసిన చిన్న పందిరి కింద ఉంది. బోర్లించి, పైన పచ్చటి గుడ్డ కప్పి, కాడకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. రెండు రెక్కలూ ఆకాశంలోకి లేచి, చచ్చిన పెద్దచేప తోకలా ఉన్నాయి. పక్కన ఇసుక మీద దర్భలతో మనిషిని కడుతున్నారు. తల అయింది, చేతులు అయ్యాయి. మనిషి దొరకనప్పుడు ఆ గడ్డి మనిషికే నిప్పు పెడతారు. అది అయ్యాకే పాలెంలో మళ్ళీ వల తడుస్తుంది.

కాస్త పక్కగా చాప మీద శివశంకర్ భార్య ఉష కూర్చుని ఉంది. ఆమెకు తెలియకుండానే ఆమె మీద నీడ ఉంది. ఎవరో ముసలామె తన గొడుగును ఉష తల మీదికి వంచి పట్టుకుని, తాను ఎండలో నిలబడి ఉంది. చేయి నొప్పి పుట్టినప్పుడు చేయి మార్చుకుంటోంది తప్ప గొడుగును మాత్రం కదలనివ్వడం లేదు. సాహిరా ఒక్క క్షణం ఆగి ఆ గొడుగునే చూసింది. అంత భయంలోనూ ఆమెకు ఆ పూట కాస్త ఊపిరాడింది అక్కడే.

రెండో వైపు ప్లాస్టిక్ కుర్చీలో రంగనాయకులు కూర్చుని ఉన్నాడు. ఆ కాంట్రాక్టు కంపెనీ మేనేజరు. తెల్ల చొక్కా, చేతిలో మడిచిన రుమాలు. వల వేయని ఇళ్ళకు బియ్యం బస్తాలు తెచ్చాడని ఎవరో చెప్పారు. సాహిరాను చూసి లేచి నమస్కారం పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. అంత మర్యాదగా ఉన్న మనిషి ఆ ఒడ్డున ఇంకొకడు లేడు.

సాహిరా నేరుగా పోలేరయ్య దగ్గరికి వెళ్ళింది. బ్యాటరీ సంగతంతా వివరంగా చెప్పింది. మూత తీసి దాన్ని బయట పెడితే చాలనీ, ఇళ్ళకు దూరంగా గుంట తీసి ఇసుకలో ఉంచుతాననీ, బల్లకు వేరే ఏమీ చేయననీ బతిమాలింది. స్కూటర్ అంటుకున్న సంగతి చెబుతుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తమ కప్పుల వైపు చూసుకున్నారు. పోలేరయ్య మాత్రం నేల చూస్తూ విన్నాడు. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మా కట్టుబాటు అట్ట బిడ్డా. మనిషి లేకుండా తిరిగొచ్చిన తెప్పని కర్మ అయ్యేదాకా ఎవురూ తాకరు. దాన్ని నీళ్ళలోంచి తెచ్చినోడు తప్ప."

"తెచ్చిందెవరు పెద్దయ్యా?"

ఆయనేనని గొడుగు పట్టుకున్న ముసలామె చెప్పింది. మొగ కాడ నుంచి ఈడదాకా ఒక్కడే భుజాన వేసుకొని తెచ్చినాడని, కొడుకు శవాన్ని మోసినట్టే మోసినాడని చెబుతూ కళ్ళు ఒత్తుకుంది.

"అయితే మీ చేతుల్తోనే మూత తీయండి. నేను దూరం నుంచి చెప్తా. నేను తాకను."

"కర్మ అయినాక."

"కర్మ ఇంకా రెండు మూడు గంటలు పడుతుంది. ఈ ఎండకి అది ఆగదు. అసలింత తొందరేంటి పెద్దయ్యా? మనిషి కనపడక పక్షం కూడా కాలేదు. నెల రోజులు చూడరా ఎవరైనా?"

పోలేరయ్య తల ఎత్తాడు. వేట మీద బతికే ఊరు నెల పస్తుండలేదని చెప్పాడు. ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్ళు అక్కడ లేరు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చూపు సాహిరా మీద లేదు. ఆమె భుజం మీదుగా కుర్చీ వైపు పోయి, వెంటనే ఇసుక మీదికి దిగింది.

అప్పుడే అర్మాన్ బైకు ఇసుకలో కూరుకుపోతున్నా ఆపకుండా వచ్చి దిగాడు. ఎవరు చెప్పారో, ఆమె వచ్చిన సంగతి తెలిసింది అతనికి. వచ్చీ రాగానే అక్క చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. అక్కను అతను ఆపా అంటాడు.

"పోదాం పా ఆపా. వాళ్ళ దుఃఖంలో మనమేంది మధ్యలో."

"బ్యాటరీ రా. దానిలోకి నీళ్ళు పోయుంటే ఏమవుతుందో నీకు తెలియదా?"

"ఏం కాదులే."

సాహిరా తమ్ముడి ముఖం చూసింది. కొట్లో స్కూటర్ అంటుకున్న రోజు ఇసుక బొచ్చెలు మోసింది వీడే. మోచేతి మీద కాలిన మచ్చ ఇంకా ఉంది. ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీని రాత్రి రెండుసార్లు లేచి చేత్తో తడిమి చూసే మనిషి. అలాంటివాడు ఉప్పునీళ్ళలో రోజుల తరబడి నానిన బ్యాటరీకి వెన్ను చూపించి నిలబడి, ఏం కాదులే అంటున్నాడు. వాడికి భయం ఉంది. కానీ ఆ భయం బల్ల వైపు లేదు.

ఉషను స్నానానికి లేపుతున్నారు. నలుగురు ఆడవాళ్ళు పట్టుకుంటే లేచింది. లేచేటప్పుడు చేతి గాజులు గలగలమంటే, తానే ఏదో తప్పు చేసినట్టు రెండో చేత్తో వాటిని గట్టిగా పట్టుకుంది. తడికల చాటున బిందెలు సిద్ధంగా ఉన్నాయి. ఆ తడికల వెనక్కి వెళ్ళిన మనిషి ఎలా తిరిగి వస్తుందో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

అంతవరకూ గడ్డి మనిషి పక్కన మాట్లాడకుండా కూర్చున్న గురవమ్మ అప్పుడు నోరు విప్పింది. శివశంకర్ తల్లి. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయి ఉంది.

"తీయనీ ఆ బిడ్డని."

పోలేరయ్య భార్య వైపు తిరిగాడు.

"నా కొడుకు ఎట్టాగూ పోయినాడు. వాడు ఎక్కిన బల్ల ఇంకో ఇల్లు కాల్చిందనే మాట కూడా వాడి మీద ఉండాల్నా? కట్టుబాటు నీదైతే బిడ్డ నా బిడ్డ. తీయమ్మా సాహిరా. ఏమన్నా పాపముంటే నా మీద పడనీ."

కన్నతల్లి అన్న మాటకు అడ్డు చెప్పే కట్టుబాటు ఏ పాలెంలోనూ లేదు. పోలేరయ్య చుట్టూ చూశాడు. పక్కకు జరిగాడు. ఇద్దరు మగవాళ్ళు, తాకకుండా తెడ్లతో ఎత్తి, బల్లను వెల్లకిలా తిప్పారు. తెడ్లు పెట్టగానే బల్ల సులువుగా లేచింది. అనుకున్న బరువు లేక వాళ్ళు ముందుకు తూలారు.

ఆ తూలడం సాహిరా చూసింది. బ్యాటరీ ఉన్న బల్లను మోయడానికి తానూ అర్మానూ చెరో వైపు పట్టుకునేవాళ్ళు, మధ్యలో ఒకసారి దించి ఊపిరి తీసుకునేవాళ్ళు. అరవై దాటిన మనిషి మొగ నుంచి ఇక్కడిదాకా ఒక్కడే ఎలా తెచ్చాడు?

మోకాళ్ళ మీద కూర్చుని మూత బిగింపులు విప్పింది. అందరినీ వెనక్కి పొమ్మంది. ముఖం పక్కకు పెట్టి మూత ఎత్తింది.

పొగ రాలేదు. వాసన రాలేదు. లోపల అడుగున దోసెడు నీళ్ళు, నీళ్ళు పోయే బెజ్జంలోంచి దూరిన ఒక చిన్న ఎండ్రకాయ. అంతే. బ్యాటరీ లేదు.

అలలకు ఊడిపోయింది కాదు. ఆమె విప్పేదాకా మూత బిగింపులు బిగించే ఉన్నాయి. బ్యాటరీకి తగిలించే తీగ కొసను పద్ధతిగా చుట్టి, దానికి రబ్బరు టోపీ కూడా తొడిగారు. నీళ్ళు తగలకుండా అలా తొడగమని అర్మాన్‌కు నేర్పింది ఆమే. శివశంకర్‌కు అది ఎప్పుడూ గుర్తుండేది కాదు.

సాహిరాకు తమ్ముడు చెప్పిన మాటలు ఒక్కొక్కటిగా వినిపిస్తున్నాయి. అలలు దాటాడు. పైకి లేచాడు. తూర్పుగా పోయాడు. బ్యాటరీ లేని బల్ల పైకి లేవదు. అలలు కూడా దాటదు. అది వట్టి చెక్క. దాన్ని నీళ్ళలోకి తోసినవాడు, దాని మీద మనిషి లేడని తెలిసే తోశాడు.

ఆమె తల తిప్పి చూసింది. అర్మాన్ చేతులు రెండూ ఛాతీ దగ్గర జోడించి ఉన్నాడు. నమస్కారం కాదు. వద్దని.

మూత వేసేయవచ్చు. బ్యాటరీ బాగానే ఉందనో, తర్వాత తీస్తాననో చెప్పవచ్చు. ఎవరికీ తెలియదు. తనకున్నది ఒక్క తమ్ముడు. కానీ తడికల వెనక బిందెలో చెంబు ముంచిన చప్పుడైంది. ఒకామె గొంతు ఎత్తి ఏడవడం మొదలుపెట్టింది. ఇంకొక నిమిషం ఆగితే ఉష చేతులు ఖాళీ అవుతాయి. అబద్ధమని తెలిసి ఆ నిమిషం ఎలా ఆగడం? శివశంకర్‌కు జరిగింది ఏదైనా, అందులో తన తమ్ముడి చేయి ఎంతవరకు ఉన్నా, నలుగురి ముందు చెబితేనే దాన్ని ఎవరూ నొక్కేయలేరు. చదువుకున్న మనిషి కనక ఆమెకు అలా అనిపించింది. కుర్చీలో ఉన్న తెల్లచొక్కా కూడా వినాలనే ఆమె లేచి నిలబడింది.

"ఉషా, ఆగు. ఆపండమ్మా. దీంట్లో బ్యాటరీ లేదు. చేత్తో విప్పి తీసేశారు. శివ ఈ బల్ల మీద సముద్రంలోకి పోలేదు. మా తమ్ముడు అబద్ధం చెప్పినాడు."

తడికల వెనక ఏడుపు ఆగిపోయింది. సగం తడిసిన చీరతో ఉష బయటికి వచ్చింది. నుదుట కుంకుమ నీళ్ళకు కరిగి ముక్కు మీదికి జారి ఉంది. గాజులు ఉన్నాయి.

"పోలేదా అక్కా?" అంది. అంత చిన్న గొంతుతో పెద్ద మనిషి మాట్లాడడం సాహిరా ఎప్పుడూ వినలేదు.

"ఈ బల్ల మీద పోలేదు."

ఇద్దరు ముగ్గురు అర్మాన్ చొక్కా పట్టుకున్నారు. ఒకడు చెంప మీద కొట్టాడు. నా మేనల్లుణ్ణి ఏం చేసినావు చెప్పు అని ఇంకొకడు మెడ వంచాడు. పెదవి చిట్లి నెత్తురు వస్తున్నా అర్మాన్ చూపు పోలేరయ్య మీదే ఉంది. పోలేరయ్య జనాన్ని తోసుకుంటూ వెళ్ళి వాళ్ళ చేతులు విడిపించాడు. కొడుకును పోగొట్టిన అబద్ధాన్ని విన్న తండ్రిలా లేడు ఆయన. దెబ్బ తిన్న కుర్రాడికి అడ్డం నిలబడిన తండ్రిలా ఉన్నాడు.

సాహిరా ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

కానీ గురవమ్మ అది చూడలేదు. ఆమె లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ ఇద్దరు పట్టుకుంటే గాని లేవని మనిషి తనంతట తానే లేచింది. దర్భల మనిషిని కాలితో పక్కకు తోసింది.

"అయితే ఉండాడు. నా బిడ్డ ఉండాడు." ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ చెప్పింది. "నాకు తెలుసు యాడికి పోయుంటాడో. ఇరకం దీవిలో మా అన్న కాడికి. చిన్నప్పటి నుంచీ అంతే గదా వాడు, అలిగినా, బయపడినా, పులికాట్ దాటి మామ ఇంటికే..."

"గురవా," అన్నాడు పోలేరయ్య. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టాడు. ఆ చేయి అంత దూరం పోయేసరికి చెప్పవలసిందంతా ఆమె చెప్పేసింది.

ఆయన అలాగే ఆమె భుజం పట్టుకుని నిలబడి, సాహిరా వైపు చూశాడు. కోపం లేదు. అలసట ఉంది.

"చచ్చినోణ్ణి ఎవురూ వెతకరు బిడ్డా," అన్నాడు మెల్లగా, ఆమెకు ఒక్కదానికే వినపడేలా. "అందుకే చంపుకున్నా. దీనికి గూడా చెప్పలే. దీని ఏడుపు నిజం కాకపోతే వాళ్ళు నమ్మరని."

సాహిరా కుర్చీ వైపు తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది.

రంగనాయకులు పరిగెత్తడం లేదు. చెప్పుల్లో ఇసుక పడకుండా చూసుకుంటూ, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కారు వైపు నడుస్తున్నాడు. దారిలో ఒక పిల్ల అడ్డం వస్తే ఆగి, తల నిమిరి, పక్కకు జరిపి మరీ వెళ్ళాడు.

"ఆ బ్యాటరీ ఎందుకు తీశావు రా?" తమ్ముణ్ణి అడిగింది. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్న అది కాదని ఆమెకే తెలుసు. "ఉంచి ఉంటే నాకు తెలిసేది కాదు కదా."

అర్మాన్ చేతి వెనక భాగంతో పెదవి తుడుచుకున్నాడు. "నీళ్ళు తగిలి యాడో ఒక గుడిసె కాడ అంటుకుంటే? నువ్వే గదా చెప్పినావు ఆపా. పెద్దయ్య గూడా ఉండనీ అన్నాడు. నాకే మనసొప్పలా."

ఆమె అతని చేయి పట్టుకుంది.

"శివకు ఫోన్ చెయ్యి. వెంటనే అక్కడి నుంచి కదలమను."

"ఫోన్ ఆయన కాడ లేదు. దాన్ని పట్టుకొని వెతుక్కుంటా పోతారని నేనే తీసుకున్నా." జేబులోంచి తీసి చూపించాడు. "వాళ్ళ మామ కాడ గూడా లేదు. ఆ ఇంట్లో ఫోనే లేదని ఆడ పెట్టినాం."

ఒడ్డు మీద ఏడుపు నవ్వుగా మారుతోంది. గొడుగు ముసలామె గొడుగు పారేసి ఉష జుట్టు తుడుస్తోంది. ఎవరో పువ్వులు తెచ్చారు. పిల్లలు వలల కుప్పల మీద దూకుతున్నారు. ఇక వేటకు పోవచ్చని మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. తెల్ల కారు వెనక్కి తిరిగి, ఇసుక దాటి, తారు రోడ్డు ఎక్కింది.

గురవమ్మ భర్త చేతిని విదిలించుకుంది. ముఖమంతా నవ్వుతో, ఊరందరినీ కోప్పడుతోంది.

"ఇంకా నిలబడి చూస్తా ఉండారేంది అందరూ. ఎవురన్నా బిరాన పోయి నా బిడ్డని తోలుకొని రండబ్బా."